హంతకుడెవరో పోస్టరే చెప్పేయని సినిమాలు

మర్డర్ మిస్టరీలు తెగ చూసేవాళ్ళకి ఒక అడ్డదారి తెలుసు. కథలో క్లూలు వెతుక్కోనక్కర్లేదు, టైటిల్స్‌లో పేర్లు చదివితే చాలు. బాగా పేరున్న నటుడొకాయన ఇంటి డాక్టరుగానో దూరపు బంధువుగానో వచ్చి, రెండు సీన్లలో అందరినీ పలకరించి పక్కకెళ్ళి నిలబడ్డాడంటే, అంత డబ్బు పోసి ఆయన్ని ఊరికే తెచ్చుకోరు కాబట్టి, చివర్లో దొరికేది ఆయనే అని తేలిపోతుంది. హీరో చావడు, హీరోయిన్ చంపదు, ఇక మిగిలేది ఒకరో ఇద్దరో. బడ్జెట్ పెరిగేకొద్దీ గుట్టు పలచబడుతుంది.

1930లు, 40లలో హాలీవుడ్ స్టూడియోలు తక్కువ డబ్బుతో చుట్టేసిన హత్య కథల్లో ఈ అడ్డదారి చాలాసార్లు పనిచేయదు. గంట, గంటంబావు సినిమా. డిటెక్టివ్ ఒకడు, వాడి వెనక నవ్వించడానికి ఇంకొకడు, వాళ్ళిద్దర్నీ తీసేస్తే మిగతావాళ్ళందరూ నెలజీతం మీద స్టూడియోలో పనిచేసే నటులు. మొన్నటి సినిమాలో పోలీసు, ఈ సినిమాలో లాయరు, వచ్చే నెల శవం. అందరికీ దాదాపు ఒకే వెలుతురు, ఒకేపాటి డైలాగులు, ఒకేపాటి అనుమానం. ఈ సినిమాల గురించి రాసేవాళ్ళు చాలామంది "డబ్బు లేకపోయినా బాగానే తీశారు" అన్నట్టు రాస్తారు. నేను దాన్ని తిరగేసి చెబుతాను. డబ్బు లేకపోవడమే ఈ రకం కథకి కలిసొచ్చింది. ప్రేమకథకీ, చారిత్రక కథకీ, యుద్ధం సినిమాకీ పేదరికం దెబ్బే. ఒక ఇల్లు, ఒక శవం, ఏడుగురు అనుమానితులు ఉన్న కథకి మాత్రం అది చాలాసార్లు వరమైంది.

ఇవి ఎందుకు పుట్టాయో కొంచెం చెప్పాలి. 1929 తర్వాత అమెరికాలో ఆర్థిక మాంద్యం వచ్చి జనం థియేటర్లకి రావడం తగ్గించారు. వాళ్ళని రప్పించడానికి ఒకే టికెట్టుకి రెండు సినిమాలు వేయడం మొదలుపెట్టారు, ముప్పైల మధ్యకొచ్చేసరికి దేశంలో చాలా థియేటర్లలో అదే పద్ధతి. మొదటిది స్టార్లున్న 'ఏ' (A) సినిమా, దానికి వసూళ్ళలో వాటా. రెండోది బి సినిమా, దానికి ముందే మాట్లాడుకున్న అద్దె, అంతే. ఈ అద్దె సంగతే అసలు కీలకం. సినిమా అద్భుతంగా ఉన్నా అదే డబ్బు, నాసిరకంగా ఉన్నా అదే డబ్బు. ఎంత వస్తుందో ముందే తెలుసు కాబట్టి ఎంతలో తీయాలో కూడా ముందే తెలుసు, ఆ గీత దాటితే నష్టం ఖాయం. ఫాక్స్‌లో సోల్ వర్ట్‌జెల్, వార్నర్స్‌లో బ్రయన్ ఫాయ్ లాంటివాళ్ళు ఈ చిన్న సినిమాల విభాగాలు నడిపేవారు. పెద్ద స్టూడియోలకి బయట మోనోగ్రామ్, పీఆర్‌సీ, చెస్టర్‌ఫీల్డ్, మెజెస్టిక్ లాంటి కంపెనీలు ఇంకా తక్కువలో తీసేవి. గోవర్ స్ట్రీట్ చుట్టుపక్కల ఉన్న ఈ చిన్న కంపెనీలన్నిటినీ కలిపి పావర్టీ రో, అంటే పేదల వీధి, అనేవారు.

గంటలో కథ అయిపోవాలంటే ఏం చేయాలి? పదో నిమిషంలోపు శవం కనబడాలి. 1932లో ఆర్‌కేఓ స్టూడియో తీసిన పెంగ్విన్ పూల్ మర్డర్‌లో శవం న్యూయార్క్ అక్వేరియంలో పెంగ్విన్ల తొట్టిలో పడుతుంది, అదీ స్కూలు పిల్లల్ని చూడ్డానికి తీసుకొచ్చిన టీచరమ్మ ఎదురుగా. ఆ టీచరే హిల్డెగార్డ్ విథర్స్, వేసింది ఎడ్నా మే ఆలివర్. వయసు మళ్ళిన, పెళ్ళికాని, చేతిలో గొడుగుతో తిరిగే ఆవిడ పోలీస్ ఇన్‌స్పెక్టర్‌ని క్లాసులో వెనక బెంచీ కుర్రాణ్ణి అదిలించినట్టు అదిలిస్తుంది. పెద్ద సినిమాలో అలాంటి ఆవిడకి కథానాయిక పాత్ర ఇచ్చేవారా అన్నది నాకు అనుమానమే. వార్నర్స్ వాళ్ళ టార్చీ బ్లేన్ కూడా అంతే. 1937 నుంచి 1939 దాకా తొమ్మిది సినిమాలు, అందులో ఏడింట్లో గ్లెండా ఫారెల్. పత్రికా విలేఖరి, కాబోయే మొగుడు పోలీసు, కేసు మాత్రం ఎప్పుడూ ఈవిడే తేలుస్తుంది. ఫారెల్ ఎంత వేగంగా మాట్లాడుతుందంటే, పేజీలకి పేజీల సమాచారం ఒక్క ఊపులో ప్రేక్షకుడికి అందిపోతుంది, నిడివి తక్కువ ఉన్న సినిమాకి అంతకంటే కావలసిందేముంది. సూపర్‌మ్యాన్ కథల్లో లోయిస్ లేన్ పాత్రకి ఈ టార్చీయే స్ఫూర్తి అని ఆ పాత్రని సృష్టించిన జెర్రీ సీగెల్ తరవాత చెప్పాడు కూడా.

సెట్ల సంగతి ఇంకా ముచ్చటైనది. మెజెస్టిక్ వాళ్ళు 1933లో ది వాంపైర్ బ్యాట్ తీసినప్పుడు యూనివర్సల్ స్టూడియోలో సెట్లు అద్దెకి తీసుకుని రాత్రిపూట షూటింగ్ చేసుకున్నారు. యూనివర్సల్ తన భారీ హారర్ సినిమాల కోసం కట్టించిన ఐరోపా పల్లెటూరు వీధులు, పాత బంగళా లోపలి గదులు అన్నీ వీళ్ళకి దొరికాయి. దెబ్బకి చిన్న కంపెనీ సినిమా పెద్ద కంపెనీ సినిమాలా కనిపిస్తుంది. ఊళ్ళో రక్తం పోయి వరసగా జనం చస్తున్నారు, ఊరంతా గబ్బిలాలే కారణమంటోంది, ఒక పోలీసు మాత్రం నమ్మడు. యూనివర్సల్ వాళ్ళే 1942 నుంచి 1946 దాకా బాసిల్ రాత్‌బోన్‌తో పన్నెండు షెర్లాక్ హోమ్స్ సినిమాలు తీసినప్పుడు వాళ్ళ సెట్లు వాళ్ళే మళ్ళీ మళ్ళీ వాడుకున్నారు. వాటిలో పదకొండు రాయ్ విలియం నీల్ అనే దర్శకుడివి. ఆయన 1944లో తీసిన ది స్కార్లెట్ క్లాలో కెనడా పల్లె ఒకటి, దాని పక్కన చిత్తడి నేల, నేలంతా పొగమంచు. పొగమంచు ఉంటే సెట్టు ఎక్కడ ఆగిపోయిందో కనబడదు, గోడ ఖర్చు మిగులుతుంది. ఆ మిగుల్చుకోవడంలోంచే భయం పుట్టింది, ఎందుకంటే ఎవరొస్తున్నారో కూడా కనబడదు.

ఈ విద్యలో అందరికంటే ఆరితేరినవాడు ఆర్‌కేఓలో నిర్మాత వాల్ ల్యూటన్. ఆయనకి పెట్టిన షరతులు మూడు. లక్షా యాభై వేల డాలర్లు దాటకూడదు, డెబ్బయి అయిదు నిమిషాలు దాటకూడదు, పేరు స్టూడియో పెడుతుంది, దానికి తగ్గ కథ ఆయన వెతుక్కోవాలి. మొదటి సినిమా క్యాట్ పీపుల్‌లో కనిపించే గంభీరమైన మెట్లు ఆ సినిమా వచ్చిన ఏడాదే ఆర్‌కేఓలో ఆర్సన్ వెల్స్ తీసిన ఒక ఖరీదైన సినిమా కోసం కట్టినవి. ల్యూటన్ సినిమాలని హారర్ కింద జమకడతారు కానీ, 1943లో జాక్ టర్నర్ దర్శకత్వంలో వచ్చిన ది లెపర్డ్ మ్యాన్ నా దృష్టిలో అచ్చమైన మర్డర్ మిస్టరీ. కార్నెల్ వూల్‌రిచ్ నవల దానికి ఆధారం. న్యూ మెక్సికోలో ఒక చిన్న ఊరు. నైట్‌క్లబ్ పబ్లిసిటీ కోసం అద్దెకి తెచ్చిన నల్ల చిరుత తప్పించుకుపోతుంది. ఆ తర్వాత ఒక్కొక్కరే చస్తుంటారు. చంపుతున్నది చిరుతా, చిరుత పేరు చాటున మనిషా అన్నది ప్రశ్న.

అందులో మొదటి చావు గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. తల్లి రాత్రివేళ కూతుర్ని మొక్కజొన్నపిండి తెమ్మని పంపిస్తుంది. పిల్ల భయపడుతుంది, చిరుత తిరుగుతోందంటుంది, తల్లి వినకుండా బయటికి నెట్టి గడియ పెట్టేస్తుంది. దగ్గర కొట్టు మూసేశారు, వాగు అవతల ఉన్న కొట్టుకి వెళ్ళాలి, మధ్యలో రైలు వంతెన కింద చీకటి. వెళ్ళేటప్పుడు ఏమీ జరగదు. వచ్చేటప్పుడు నీటిచుక్కలు పడుతున్న చప్పుడు, చీకట్లో రెండు మెరుపులు, నెత్తిమీద హఠాత్తుగా రైలు. పిల్ల ఇంటిదాకా పరిగెత్తుకొచ్చి తలుపు బాదుతుంది. లోపల తల్లి, ఇది ఎప్పుడూ చేసే గోలేలే అని తీరిగ్గా లేస్తుంది. అరుపు మారుతుంది. తల్లికి అర్థమయ్యేసరికి గడియ బిగుసుకుపోయి రాదు. కెమెరా ఇంట్లోంచి కదలదు. తలుపు కిందనుంచి రక్తం సన్నగా లోపలికి పారుతుంది. చిరుత లేదు, గాయం లేదు, బయట ఏం జరిగిందో ఒక్క షాట్ లేదు. తలుపు, చప్పుళ్ళు, తల్లి ముఖం. ఎంత ఖర్చయి ఉంటుంది దీనికి? ఇంతకంటే భయంకరమైన హత్య దృశ్యం అంతకు పదింతల డబ్బుతో తీసిన సినిమాల్లో నాకు కనబడలేదు. పైగా చూపించకపోవడం వల్ల కథకి ఇంకో లాభం కూడా వచ్చింది. మనం కళ్ళతో చూడలేదు కాబట్టి, తర్వాతి చావు చిరుత పనా మనిషి పనా అన్న అనుమానానికి చోటు మిగిలింది.

చూపించకపోవడానికి డబ్బు ఒక్కటే కారణం కాదనుకోండి. 1934 జూలై నుంచి జోసెఫ్ బ్రీన్ ఆఫీసు ప్రొడక్షన్ కోడ్‌ని, అంటే హాలీవుడ్ తనకి తాను పెట్టుకున్న సెన్సారు నియమాల్ని, గట్టిగా అమలు చేసింది. హత్య ఎలా చేశారో వివరంగా చూపకూడదు, నేరస్థుడు తప్పించుకోకూడదు. కాబట్టి కత్తి ఎత్తిన నీడ, తెర వెనక చెయ్యి, తెరుచుకుంటున్న తలుపు, ఇవే మిగిలాయి. స్టార్లున్న 'ఏ' సినిమాలకి కూడా ఇదే రూలు, కానీ ఇలా తీయడం బి సినిమావాళ్ళకి అప్పటికే చేతనయిన పని.

మళ్ళీ నటుల విషయానికొస్తా, ఎందుకంటే నా వాదనకి అడ్డం పడే సంగతి ఒకటుంది. స్టార్లు లేకపోయినా, ఈ సినిమాల్లో పదేపదే కనబడే ముఖాలున్నాయి. లయొనెల్ ఆట్‌విల్ తెరమీదికి రాగానే వీడేదో దాస్తున్నాడనిపిస్తుంది, ఆ గొంతూ ఆ కళ్ళూ అలాంటివి. జార్జ్ జూకో అంతే, డ్రాక్యులా వేసిన బెలా లుగోసి సరేసరి. మరి వీళ్ళున్నప్పుడు అడ్డదారి పనిచేయాలి కదా? పనిచేయదు, ఎందుకంటే రాసేవాళ్ళకి కూడా ప్రేక్షకుడి మనసు తెలుసు. ఒకసారి అతన్నే హంతకుడిగా పెట్టి, ఇంకోసారి అతన్ని ఎరగా వేసి మన చూపు మళ్ళించారు. ఆట్‌విల్ పాల గ్లాసు పట్టుకుని వచ్చినా అనుమానిస్తాం, ఆ అనుమానంలో ఉండగా పక్కన తలుపు దగ్గర నిలబడ్డ మెతకమనిషిని గమనించం. డిటెక్టివ్ చార్లీ చాన్ సీరీస్‌లో 1936లో వచ్చిన చార్లీ చాన్ ఎట్ ది ఆపెరాలో ఈ ఆట నేరుగా టైటిల్ కార్డు మీదే ఆడారు. వార్నర్ ఓలాండ్ వర్సెస్ బోరిస్ కార్లాఫ్ అని వేశారు, ఓలాండ్ డిటెక్టివ్, కార్లాఫ్ అంటే ఫ్రాంకెన్‌స్టైన్ భూతంగా జనాన్ని దడిపించినవాడు, పిచ్చాసుపత్రినుంచి పారిపోయిన గాయకుడిగా కార్లాఫ్‌ని తెచ్చి ఆపెరా హౌస్‌లో వదిలారు, ఆ తర్వాత అక్కడ హత్యలు. పోస్టరే హంతకుణ్ణి చెప్పేసినట్టుంటుంది, మనం దాన్ని నమ్మాలా వద్దా అన్నదే సినిమా అంతా టెన్షన్. ఆ సినిమా కోసం ఆస్కార్ లెవాంట్ ఒక ఆపెరా ముక్కని ప్రత్యేకంగా కంపోజ్ చేశాడు. రెండో సినిమాగా అద్దెకి పోయే బొమ్మకి కొత్త ఆపెరా రాయించారంటే, అక్కడ పనిచేసినవాళ్ళకి పని మీద ఎంత గౌరవముందో చూడండి.

చార్లీ చాన్ పేరెత్తాక ఇంకో విషయం దాటెయ్యలేను. చాన్ హొనొలులూకి చెందిన చైనీస్ డిటెక్టివ్. పాత్ర వేసిన వార్నర్ ఓలాండ్ స్వీడన్‌లో పుట్టినవాడు. 1938లో ఆయన చనిపోయాక వచ్చిన సిడ్నీ టోలర్ తెల్ల అమెరికన్, టోలర్ పోయాక వచ్చిన రోలండ్ వింటర్స్ కూడా అంతే. మోనోగ్రామ్ వాళ్ళ మిస్టర్ వాంగ్‌గా కార్లాఫ్, ఫాక్స్ వాళ్ళ జపనీస్ డిటెక్టివ్ మిస్టర్ మోటోగా పీటర్ లోర్. చైనాలో పుట్టి సియాటిల్‌లో పెరిగిన కీ ల్యూక్ మాత్రం చాన్ పెద్దకొడుకు వేషంలో నాన్న వెనకే పరుగులు పెట్టాలి. ఇది అన్యాయం. అప్పటి రోజులు అలాంటివి అని సరిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే అదే రోజుల్లో వేరేలా చేయొచ్చని చూపించిన బి సినిమాలు కూడా ఉన్నాయి. 1937లో పారామౌంట్ వాళ్ళు డాటర్ ఆఫ్ షాంఘై తీశారు. తండ్రిని చంపిన మనుషుల స్మగ్లింగ్ ముఠాని వెతుక్కుంటూ వెళ్ళే కూతురుగా అన్నా మే వాంగ్, ఆమెకి తోడుగా ఫెడరల్ ఏజెంటు పాత్రలో కొరియన్ అమెరికన్ నటుడు ఫిలిప్ ఆన్. గంట సినిమా, ఇద్దరు ఆసియా మూలాల నటులే నాయికా నాయకులు. అదే ఏడాది ఎం.జీ.ఎం. వాళ్ళు ఎంతో ఖర్చుపెట్టి చైనా రైతుల కథ తీసి ప్రధాన పాత్రలన్నీ తెల్లవాళ్ళకిచ్చారు. 1940లో మోనోగ్రామ్ వాళ్ళు కార్లాఫ్‌ని తీసి వాంగ్ పాత్ర కీ ల్యూక్‌కే ఇచ్చారు, ఫాంటమ్ ఆఫ్ చైనాటౌన్‌లో. ఆ ఒక్క సినిమాతో సీరీస్ ఆగిపోయింది. ఎక్కువ డబ్బు పందెం కట్టనిచోట కొంచెం సాహసానికి వీలుండేది, కొనసాగించే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది. చాన్ డ్రైవరుగా వేసిన నల్లజాతి హాస్యనటుడు మాంటన్ మోర్లండ్‌కి కూడా ఎప్పుడూ భయపడే సేవకుడి పాత్రలే, కానీ ఆయన టైమింగ్ ముందు, చాన్ సీరీస్ ఫాక్స్ నుంచి మోనోగ్రామ్‌కి మారాక వచ్చిన సినిమాల్లో మిగతావాళ్ళెవరూ ఆనరు.

స్ట్రేంజర్ ఆన్ ది థర్డ్ ఫ్లోర్ అనే 1940 నాటి ఆర్‌కేఓ సినిమా గురించి కొంచెం నెమ్మదిగా చెప్పాలి. అరవై నాలుగు నిమిషాలు. దర్శకుడు బోరిస్ ఇంగ్‌స్టర్, కెమెరా నికొలస్ ముసురాకా. హాలీవుడ్‌లో ఫిల్మ్ నువార్, అంటే చీకటి నీడల నేర కథల ధోరణి, ఇక్కడే మొదలైందని చాలామంది విమర్శకులు అంటారు. ఒక విలేఖరి సాక్ష్యం చెబుతాడు, దానివల్ల ఒక టాక్సీ డ్రైవరుకి మరణశిక్ష పడుతుంది. పాపం ఆ డ్రైవరు నేను చంపలేదని కోర్టులో అరుస్తాడు, జ్యూరీలో ఒకాయన కునుకు తీస్తుంటాడు. విలేఖరికి పక్కగదిలో ఒక సణుగుడు ముసలాయన ఉంటాడు, రోజూ గోడ దద్దరిల్లేలా గురక. వాణ్ణి చంపేస్తానని ఈయన కోపంలో పదిమంది ముందు అని కూడా ఉన్నాడు. ఒక రాత్రి ఆ గురక వినబడదు.

అంతే, ఆ నిశ్శబ్దం మీద సినిమా సగం నడుస్తుంది. ఆయన చచ్చిపోయుంటే? నేనన్న మాటలు అందరూ విన్నారు కదా, నన్నే పట్టుకుంటే? ఆ భయంలోంచి ఒక కల వస్తుంది. గోడలమీద వంకరగా పడ్డ చారలు, మనిషికంటే ఎన్నో రెట్లు పెద్ద నీడలు, గది నిండేంత వార్తాపత్రికల హెడ్‌లైన్లు. దాదాపు ఖాళీ స్టేజీ మీద లైట్లతో కట్టిన కోర్టు అది, చెక్క చాలా తక్కువ. పీటర్ లోర్ పేరు టైటిల్స్‌లో ముందొస్తుంది, తెరమీద ఉండేది కొద్ది నిమిషాలు, కాబట్టి హంతకుడెవరన్నది ఇక్కడ పెద్ద రహస్యం కాదు. రహస్యం వేరే ఉంది. పరిస్థితులన్నీ ఎదురుతిరిగితే తప్పు చేయనివాడు తన మాట ఎలా నమ్మించగలడు? నిన్న సాక్ష్యం చెప్పి ఒకణ్ణి చావుకి పంపినవాడే ఇవాళ ఆ స్థానంలో నిలబడితే? బి సినిమాల్లో ఇంత బరువైన ప్రశ్న వేసుకున్నవి తక్కువ. చివరి భాగం గబగబా ముగించేశారు, ప్రేమ సీన్లు చప్పగా ఉంటాయి. అయినా ఆ గురక ఆగిపోయిన క్షణం మాత్రం సాటిలేనిది.

నటుల వాదనకి నా దగ్గరున్న బలమైన సాక్ష్యం కొలంబియా వాళ్ళ విజ్లర్ సీరీస్. 1944 నుంచి 1948 దాకా ఎనిమిది సినిమాలు, ఏడింట్లో రిచర్డ్ డిక్స్. ఒకప్పుడు ఆస్కార్ నామినేషన్ అందుకున్న పెద్ద నటుడు, అప్పటికి వయసూ గిరాకీ రెండూ తగ్గాయి. మామూలు సీరీస్‌లో హీరో అన్నిట్లోనూ అదే డిటెక్టివ్. ఇక్కడ డిక్స్ ప్రతి సినిమాలోనూ వేరే మనిషి. ఒకదాంట్లో వేటాడబడేవాడు, ఇంకోదాంట్లో పరాయి పేరుతో డబ్బు కాజేయబోయేవాడు, మరోదాంట్లో గతం మర్చిపోయిన మనిషి, ఆ గతంలో ఏముందో తెలిసేకొద్దీ మన గుండె జారుతుంది. ముఖం తెలుసు, కానీ ఈసారి మంచివాడా చెడ్డవాడా తెలియదు. స్టార్ అనేవాడి ఇమేజ్ మీద ఆధారపడ్డ సినిమా ఇలాంటి పని చేయగలదా? ఈ సీరీస్‌లో మొదటిది, విలియం కాసిల్ తీసినది, గంటసేపే, కథ మాత్రం ఒక్క వాక్యంలో పట్టేస్తుంది. భార్య చనిపోయిందన్న దిగులుతో తనని తానే చంపించుకోవడానికి మధ్యవర్తి ద్వారా కిరాయి హంతకుణ్ణి పెట్టుకున్న మనిషికి ఆమె బతికే ఉందని తెలుస్తుంది, బేరం రద్దు చేసుకుందామంటే మధ్యవర్తి చచ్చిపోయాడు, హంతకుడెవరో తనకి తెలియదు.

ఎం.జీ.ఎం. లాంటి ధనిక స్టూడియో కూడా చిన్న సినిమాలు తీసింది, కొత్తవాళ్ళకి పని నేర్పడానికి. ఫ్రెడ్ జిన్నెమన్ అక్కడ షార్ట్ ఫిల్ములు తీసి తీసి 1942లో కిడ్ గ్లవ్ కిల్లర్ చేశాడు. పోలీసు లాబొరేటరీలో పనిచేసే కెమిస్టుగా వాన్ హెఫ్లిన్, అసిస్టెంటుగా మార్షా హంట్. వెంట్రుకలు, దుమ్ము, మైక్రోస్కోపు. హంతకుడెవరో మనకి ముందే చెప్పేస్తారు, వాడు కెమిస్టుకి స్నేహితుడు, లాబ్‌లోకి వచ్చిపోతూ కేసు ఎంతదాకా వచ్చిందో కనుక్కుంటుంటాడు. ఒకటి రెండు గదుల్లోనే కథంతా బిగించాడు. జిన్నెమన్ తర్వాత ఎక్కడికి వెళ్ళాడో, ఆస్కార్లు ఎన్ని గెలిచాడో అందరికీ తెలిసిందే. ఆర్‌కేఓలో ఎడ్వర్డ్ డిమిట్రిక్ కూడా ఫాల్కన్ సీరీస్‌లో ఒకటి తీశాకే పెద్ద సినిమాలకి వెళ్ళాడు. ఆ ఫాల్కన్ సీరీస్‌లో తమాషా ఒకటుంది. రేమండ్ చాండ్లర్ నవల హక్కులు కొని 1942లో ది ఫాల్కన్ టేక్స్ ఓవర్‌కి కథగా వాడేశారు, చాండ్లర్ డిటెక్టివ్ పేరు కూడా లేకుండా. రెండేళ్ళ తర్వాత అదే నవలని అదే స్టూడియో డిమిట్రిక్ చేత మర్డర్, మై స్వీట్‌గా మళ్ళీ తీయించింది, ఈసారి మార్లో పేరుతో, బాగా డబ్బు పెట్టి. రెండూ వరసగా చూస్తే చాలా నేర్చుకోవచ్చు. రెండోదే గొప్ప సినిమా, అందులో సందేహం లేదు.

లోపాలు లేవని నేననడం లేదు. చివరి అయిదు నిమిషాల్లో అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి డిటెక్టివ్ ఊపిరి తీసుకోకుండా వివరించడం చాలా సినిమాల్లో విసుగే. క్లూ మనకి చూపించకుండా దాచి, చివర్లో జేబులోంచి తీయడం ఇంకా పెద్ద తప్పు. పీఆర్‌సీ వాళ్ళవి చాలావరకు చూడలేం, మాటలు సరిగా వినబడవు, ఒకే గోడకి ఫొటో మార్చి మూడు ఇళ్ళుగా చూపిస్తారు. తెలివితక్కువ పోలీసు, దడుచుకునే పనిమనిషి, ప్రతి సీన్లో జోకు వేసే ఫొటోగ్రాఫర్, వీళ్ళని భరించడానికి ఓపిక కావాలి. ఇన్ని వందల సినిమాల్లో నిజంగా మంచివి ఏ ముప్పయ్యో నలభయ్యో ఉంటాయని నా అభిప్రాయం.

అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. 1948లో అమెరికా సుప్రీంకోర్టు పారామౌంట్ కేసులో తీర్పు ఇచ్చింది, సినిమాల్ని గుత్తగా థియేటర్లకి అంటగట్టే పద్ధతి పోయింది, స్టూడియోలు థియేటర్లు వదులుకోవాల్సి వచ్చింది. అదే సమయానికి టెలివిజన్ ఇళ్ళలోకి వచ్చింది. విజ్లర్ ఆఖరి సినిమా 1948. చార్లీ చాన్, బోస్టన్ బ్లాకీ, క్రైమ్ డాక్టర్, ఫాల్కన్ సీరీస్‌లు నాలుగూ 1949లో ముగిశాయి. ఆ గంట నిడివి హత్య కథ టీవీకి మారిపోయింది. సినిమాలు మాత్రం ఎవరికీ పట్టలేదు. చాలావాటికి 28 ఏళ్ళు నిండినప్పుడు కాపీరైట్ రెన్యూ చేయలేదు, అందుకే ఇవాళ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి, అందుకే ప్రింట్లు అంత అధ్వాన్నంగా ఉన్నాయి. ఓలాండ్ చేసిన చాన్ సినిమాల్లో నాలుగు అసలు లేనే లేవు. మొదటిది, 1931 నాటి చార్లీ చాన్ క్యారీస్ ఆన్, ఇంగ్లీషులో పోయింది. అప్పట్లో స్టూడియోలు అదే కథని వేరే నటులతో స్పానిష్‌లో కూడా తీసేవి కాబట్టి ఎరాన్ ట్రెసె పేరుతో దాని స్పానిష్ రూపం బతికింది, చాన్‌గా మాన్యుయెల్ ఆర్బో.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, 1933లో మైకెల్ కర్టిజ్ తీసిన ది కెన్నెల్ మర్డర్ కేస్‌తో మొదలుపెట్టమంటాను. అచ్చమైన బి సినిమా కాదు, విలియం పవెల్ ఉన్నాడు, వార్నర్స్ కాస్త ఎక్కువ డబ్బే పెట్టింది. కానీ లోపల గడియపెట్టిన గదిలో శవం, డెబ్బయి మూడు నిమిషాల్లో ఒక్క క్షణం వృథా లేదు, పైగా అనుమానితుల ఇంటిని బొమ్మగా చేయించి బల్లమీద పెట్టి డిటెక్టివ్ విడమరిచే పద్ధతి చూస్తే ఈ రకం కథ ఎలా నడవాలో తెలుస్తుంది. తర్వాత ది లెపర్డ్ మ్యాన్, తర్వాత మొదటి విజ్లర్. స్ట్రేంజర్ ఆన్ ది థర్డ్ ఫ్లోర్ రాత్రిపూట చూడండి, సౌండ్ బాగా పెట్టుకుని. చాన్ సినిమాల్లో ఆపెరాది ఒకటి చాలు, నచ్చితే మిగతావాటికి వెళ్ళొచ్చు. పీఆర్‌సీ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్ళకండి, దర్శకుడిగా ఎడ్గర్ ఉల్మర్ పేరు ఉంటే తప్ప.